నీలప్ప చివరి భాగం

నీలప్పను సముద్రం అడుగున గాజు గదిలో పెట్టిన ఆదివారం నాటికి నేను మూల కూర్చుని నెల దాటింది.

నీలప్ప అసలు పేరు నీల్‌కవచ్. ఎక్కడో పరదేశంలో గీసిన బొమ్మల సీరియల్. దానికి హిందీ మాటలు పెట్టి ఆదివారం పొద్దున టీవీలో వేసేవాళ్లు. నీలం కవచం తొడుక్కున్న మనిషి ఎండలోంచి బలం తీసుకుని ఆకాశంలో ఎగురుతాడు, ఆపదలో ఉన్న ఊళ్లను కాపాడతాడు. హోసూరు బజారు వీధి పిల్లలకు ఆ పేరు నోరు తిరగలేదు. మా వీధిలో గోపాలప్ప ఉన్నాడు, దాసప్ప ఉన్నాడు. కాబట్టి ఇతను నీలప్ప అయ్యాడు. అతని శత్రువు ధూమ్‌రాజ్ పొగరాజు అయ్యాడు.

వీధిలో మొదటి టీవీ మాదే. మా ఆయన అశ్వత్థనారాయణ బెంగుళూరు నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. డాబా మీద ఇనుప గొట్టానికి ఏంటెన్నా కట్టి బెంగుళూరు వైపు తిప్పితే బొమ్మ వచ్చేది. గాలి వీస్తే పోయేది. ఆదివారం ఆయన డాబా మీద గొట్టం పట్టుకుని నిలబడేవారు. నేను టీవీ పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుని, ఒక్కొక్క మాటనూ పిల్లలకు తెలుగులో చెప్పేదాన్ని. ఆ పిల్లలు తెలుగు, తమిళం, కన్నడం మూడూ మాట్లాడతారు. హిందీ మాత్రం ఒక్క ముక్క రాదు. నాకు వచ్చు. పెళ్లికి ముందు కృష్ణగిరిలో మా నాన్న నాచేత హిందీ పరీక్షలు రాయించాడు. ఆ రోజుల్లో తెలుగులో చెప్పడం అంత కష్టమైన పని కాదు. మొదటి భాగాల్లో నీలప్ప మాట్లాడింది తక్కువ, కొట్టింది ఎక్కువ.

నేను ఆడపిల్లల హైస్కూలులో తెలుగు సెక్షన్ టీచర్ని. ఆ సెక్షన్‌కు ఉన్నది నేనొక్కదాన్నే.

ఆ ఏడు చింతపండు దిగే కాలంలో ఆయన మా దుకాణం సరుకు కోసం ఊత్తంగరై వెళ్లారు. తిరుగు దారిలో కుందారపల్లి దగ్గర లారీ బోల్తా పడింది. ఆయన డ్రైవరు పక్కన కూర్చున్నారు. చింతపండు మూటలు పెద్దగా చెడకుండా ఇల్లు చేరాయి.

మా ఇళ్లలో ఒక ఆచారం ఉంది. భర్త పోయిన ఆడది సంవత్సరీకం అయ్యేదాకా గడప దాటదు. పరాయివాళ్ల కంట పడదు. హాలుకూ సరుకు కొట్టుకూ మధ్య ఉన్న గదిని నాకు ఇచ్చారు. దానికి కిటికీ లేదు. హాలు వైపు గుమ్మానికి మందపాటి తెర కట్టారు. ఇంకో పక్క కొట్టులోకి తలుపు ఉంది. మూటల బండి దొర్లడానికి అడ్డమని మామగారు ఆ తలుపు గడప ఎప్పుడో పీకించేశారు. కొట్టు దాటితే వెనక సందు. గదిలో రాత్రీ పగలూ చింతపండు వాసన. అది ఏ లారీలో వచ్చిందో నాకు తెలుసు.

ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. అది చెప్పాలి. దప్పిక అనేలోగా నీళ్లు వచ్చేవి. అత్తగారు వాసవాంబ వేడన్నం తానే తెచ్చి, నేను తినేదాకా కూర్చునేవారు. మామగారు శ్రీరంగయ్య తెర అవతల నిలబడి “వసంతా, ఏమన్నా కావల్నా అమ్మా” అని రోజూ అడిగేవారు. ఏమీ వద్దు అనేదాన్ని. అడిగితే ఏదైనా తెచ్చి ఇచ్చేవారు. వాళ్లు తెచ్చి ఇవ్వగలిగిన వాటిలో నాకు కావలసింది లేదు.

టీవీ మీద తెల్ల దుప్పటి కప్పారు. ఆదివారాలు పిల్లలు వచ్చి మెట్ల మీద నిలబడి, దుప్పటి చూసి వెళ్లిపోయేవాళ్లు. అలా నెల జరిగాక, కొన్ని వారాల పాటు వచ్చే చివరి భాగం మొదలైందని, ఇది అయిపోతే నీలప్ప మళ్లీ రాడని వీధిలో తెలిసింది. ఆ ఆదివారం పిల్లలు వెళ్లలేదు.

“ఏమే, అట్ల నిలబడుకోని ఉండారు?” అన్నారు మామగారు.

“సుమ్మనే తాతా, ఊరికే,” అంది ఒక గొంతు. అది గంగాభవాని. పూలమ్మే కోటమ్మ కూతురు, నా దగ్గర ఆరో తరగతి.

“సుమ్మనే అయితే మీ ఇండ్ల ముందర నిలబడుకోండి.”

“మా ఇంటి ముందర నిలబడితే టీవీ కనపడదు గదా తాతా.”

మామగారి అడుగులు టీవీ వైపు కదిలాయి. తర్వాత దుప్పటి తీసిన చప్పుడు వినిపించింది. అత్తగారు వంటింట్లోంచి వచ్చి, “ఏమిది? ఇంట్లో టీవీ పెడతారా?” అన్నారు.

“వాడు తెచ్చిందే గదా,” అన్నారు మామగారు. “సౌండు తక్కువ పెడతాను.”

అత్తగారు పీట లాక్కుని కూర్చున్నారు.

ఏంటెన్నా పట్టుకోవడానికి ఇప్పుడు మనిషి కావాలి. మేడ మీద గదిలో కేశవులు అద్దెకుండేవాడు. గుంటూరు వైపు నుంచి ఇక్కడి ఫ్యాక్టరీలో పనికి వచ్చినవాడు. అతను డాబా ఎక్కి అరిచాడు.

“వచ్చిందాండీ?”

“రాలేదండీ,” అన్నారు పిల్లలంతా ఒకే గొంతుతో. అతని ‘అండీ’ వాళ్లకు ఎప్పుడూ ఆటే.

“ఇప్పుడండీ?”

“సగం నీలప్ప వచ్చినాడండీ.”

“పైసగమా, కింది సగమా అండీ?”

“ఏదో తెలీలేదండీ. గీతలు జాస్తి ఉండాయండీ.”

బొమ్మ కుదిరింది. కుదిరాక వచ్చింది అసలు చిక్కు. చివరి భాగంలో నీలప్ప ఎవరితోనూ పోట్లాడడం లేదు. పొగరాజు అతన్ని పట్టి సముద్రం అడుగున పెట్టేశాడు. అక్కడ ఎండ రాదు, అతనికి బలం లేదు. కూర్చుని మాట్లాడుతున్నాడు. తనతో తానే మాట్లాడుతున్నాడు. అంతా హిందీ.

“తాతా, ఏమంటాండాడు?” అంది కోమల. మా మరిది కూతురు, తొమ్మిదేళ్ల పిల్ల.

మామగారు ఉత్తరాది వ్యాపారులతో మాట్లాడి కొంత హిందీ నేర్చారు. అదంతా బేరం హిందీ.

“ఈ రేటు గిట్టదు అంటాండాడు,” అన్నారు.

“నీలప్పా?”

“ఊ. ఆ పొగాయనతో.”

“ఆడ పొగరాజు లేడు తాతా. నీలప్ప ఒగడే ఉండాడు.”

“అయితే ఒగడే లెక్కేసుకుంటాండాడు. ఊరికే వినుకో.”

నాకు నవ్వు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన పోయాక అదే మొదటి నవ్వు. 

తెర కింద కోమల కాళ్లు కనిపించాయి. “పెద్దమ్మా, వింటాండావా? ఏమంటాండాడు నీలప్ప?”

చెప్పకూడదని నాకెవరూ చెప్పలేదు. చెప్పవచ్చని కూడా చెప్పలేదు. మెల్లగా అన్నాను: “నేను ఈడ ఉన్నట్టు ఎవరికీ తెలీదు, ఎవరూ వెతకరు అంటాండాడు.”

కోమల వెళ్లి అదే మాట పిల్లలకు చెప్పింది. మళ్లీ వచ్చింది. మళ్లీ వెళ్లింది. తెరకూ టీవీకీ మధ్య ఆ పిల్ల పరుగెత్తేలోగా నీలప్ప మరో రెండు మాటలు అనేసేవాడు. చివరికి గంగాభవాని, “టీచర్, మీరే గట్టిగా చెప్పండి. కోమల సగం మింగేస్తాండాది,” అంది.

అత్తగారు అక్కడే ఉన్నారని నాకు తెలుసు. ఆమె కూర్చుంటే పీట ఒక రకంగా కిర్రుమంటుంది. మామగారు దగ్గారు. అత్తగారి గొంతు వినిపించింది.

“గొంతు బయటికి వస్తే ఏమీ లేదులే. మొగమే గదా వద్దనేది.”

అలా ఒక ఏర్పాటు కుదిరింది. నా గొంతు హాల్లో, నేను గదిలో.

నేను బొమ్మ చూడకుండా కథ చెప్పడం ఎలాగో నేర్చుకున్నాను. మాటలు నా వంతు, బొమ్మ వాళ్ల వంతు. పొగరాజు నవ్వి, ‘ఇక నువ్వు ఇక్కడే’ అన్నాడు. వెంటనే ఏదో బరువుగా పడిన చప్పుడు. “తలుపేసి తాళం పెట్టి పోయినాడు,” అని చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. “ఇప్పుడు ఏముండాది?” అని అడిగితే, “చేపలు పోతాండాయి టీచర్,” అనేవాళ్లు. “నీలప్ప చేతులు మోకాళ్ల మీద పెట్టుకోని ఉండాడు.” “గడ్డం పెరిగింది.” “దాసప్ప మామ మాదిరి ఉండాడు.” వాళ్లు చెప్పినదాన్ని బట్టి ఆ గదిని నా మనసులో కట్టుకున్నాను. ఇనుప తలుపు, పెద్ద తాళం, కిటికీ లేని గోడలు. గాజు గోడలని తెలిసి కూడా ఎందుకో సున్నం గోడలే కనిపించేవి.

ఒక వారం పొగరాజు వచ్చి నీలప్పతో అన్నాడు. అది నేను మాట మాటా చెప్పాను. “కవచంతో బయటికి పోయినావంటే ఆ బరువుకు మునిగిపోతావు. కవచం తీసేసి పోయినావంటే నువ్వు ఎవరో లోకానికి తెలీదు. ఆలోచించుకో.” పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. ఆ మాట నా నోటితోనే చెప్పాను. చెబుతూ కూడా నేను తాళం గురించే ఆలోచించాను.

వారాలు గడిచినా నీలప్ప బయటికి రాలేదు. పిల్లలకు విసుగు పుట్టింది.

“ఇంగా లోపలే ఉండాడా?” అంది గంగాభవాని. “మా నాయన అయ్యుంటే ఈపాటికి గాజు పగలగొట్టుండు.”

“మీ నాయన తాగొచ్చి ఇంటి గాజులే పగలగొట్టలేదా,” అన్నాడు ఎవరో కుర్రాడు. తర్వాత కాసేపు గలాటా. మామగారు కసిరితే సద్దుమణిగింది.

“ఎందుకు రాడు టీచర్?” అంది గంగాభవాని మళ్లీ.

“ఎండ లేదు గదమ్మా. బలం లేదు.”

“కాళ్లుండాయి గదా.”

కాళ్ల సంగతి హిందీలో ఎవరూ చెప్పలేదు.

వేసవి సెలవులు అయి స్కూలు తెరవడానికి వారం ముందు హెడ్మిస్ట్రెస్ కాంతమ్మగారు ఇంటికి వచ్చారు. అత్తగారు ఆమెను హాల్లో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. ఆమె సంగతికి రావడానికి ఆలస్యం చేయలేదు.

“సోమవారం తెరుస్తామమ్మా. ఆ పొద్దు మీ కోడలు వచ్చి సంతకం పెట్టల్ల. లేదంటే తెలుగు సెక్షన్‌కు టీచర్ లేదని పైవాళ్లు రాసుకుంటారు. పిల్లల్ని తమిళం సెక్షన్లో కలిపేస్తారు. ఒగసారి ఎత్తేసినారంటే మళ్లా ఇయ్యరు. ఆయమ్మ పోస్టూ పోతాది.”

“సంవత్సరీకం అయినాక వస్తాదిలేమ్మా,” అన్నారు అత్తగారు.

“అప్పుడొస్తే ఆడ ఏముంటాది? ఇంతవరకు ఎట్లనో లీవు రాయించినాను. ఇంగ నా చేతిలో లేదు.”

“మాకేం తక్కువమ్మా? ఆయమ్మ సంపాదించి తెస్తే గాని పొయ్యి వెలగదా?”

“దానికి కాదు నేను చెప్పేది.”

“చూస్తాంలే అమ్మా,” అన్నారు మామగారు.

మా ఇంట్లో ఆ మాటకు అర్థం నాకు తెలుసు. కాదు అనడానికి ఆయనకు నోరు రాదు. చూస్తాం అని, తర్వాత చూడరు.

కాంతమ్మగారు కుర్చీ తిప్పుకున్న చప్పుడు వినిపించింది. “వసంతలక్ష్మీ, వింటాండావా?”

“వింటాండాను మేడం.”

“వస్తావా?”

తెర మీద పాత ఇస్త్రీ మడత ఒకటి ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. వస్తాను అంటే అవతల అత్తగారు వింటారు. రాను అంటే కాంతమ్మగారు వింటారు. ప్రతి ఆదివారం హాలంతా వినేలా మాట్లాడే గొంతు ఆ రోజు లేదు. కాంతమ్మగారు కుర్చీ వెనక్కి జరిపి లేచారు.

మర్నాడు మధ్యాహ్నం అత్తగారు చేట, చింతపండు గంప తీసుకుని నా గదిలోకి వచ్చారు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని గింజలు తీశాం. ఈ పని ఆమె కూలివాళ్లకు ఇవ్వవచ్చు. ఇవ్వలేదు. ఆ లారీ సరుకును దుకాణంలోకి పోనివ్వలేదని నాకు అప్పుడే అర్థమైంది.

“నామీద కోపంగా ఉండాదా?” అన్నారు.

“లేదత్తా.”

“ఒగ ఏడాదే గదా. నాకు మాత్రం నిన్ను ఈడ కూచోబెట్టల్లని ఉంటాదా?”

నేను గింజలు తీస్తున్నాను. ఆమె చేతులు ఆగాయి.

“నువ్వు ఈ మూల ఉండేదాకా, వాడు పోయి శానా దినాలు కాలేదనిపిస్తాది. నువ్వు లేచి స్కూలుకు పోయినావంటే, అందురూ లేచి వాళ్ల పన్లు చూసుకున్నట్టే. ఇంగ వాడు నిజంగా పోయినట్టు.”

ఆమె అంతవరకు నా ముందు ఏడవలేదు. అప్పుడూ ఏడవలేదు. మళ్లీ చేట ముందుకు లాక్కున్నారు. గోడలు కట్టింది ఈమే అని అనుకోగలిగితే నాకు సులువుగా ఉండేది. ఆమె నాతోపాటు లోపలే కూర్చుని ఉన్నారు.

ఆ వారమంతా సోమవారం గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. మామగారు తెర దగ్గర నిలబడి ఏమన్నా కావల్నా అని అడగడం మాత్రం మానేశారు.

చివరి ఆదివారం వచ్చింది. హాలు నిండిందని చప్పుడును బట్టి తెలిసింది. పక్క వీధి పిల్లలు కూడా వచ్చారు. బయట వాన ముందటి గాలి. డాబా మీద కేశవులు గొట్టాన్ని వాటేసుకున్నాడని పిల్లలు చెప్పారు.

“ఎగిరిపోతారేమోనండీ,” అని అరిచింది గంగాభవాని.

“నేను పోయినా గొట్టం వదలనండీ.”

అత్తగారి పీట తెర పక్కనే కిర్రుమంది.

సంగీతం మొదలైంది. నేను చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. నీలప్ప మాట్లాడలేదు. నీటి చప్పుడు. సన్నగా వయొలిన్ లాంటిది ఏదో. మళ్లీ నీటి చప్పుడు. మాట కోసం ఎదురుచూశాను. ఒక్క మాట లేదు.

“ఏముండాది ఇప్పుడు?” అని అడిగాను.

ఎవరూ చెప్పలేదు.

“కోమలా, ఏం చేస్తాండాడు?”

“ఉండు పెద్దమ్మా,” అంది కోమల, తల తిప్పకుండా అన్నట్టుగా.

ఇనుము నేల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. కొంతసేపటికి మరొకటి. ఇంకొకటి. హాల్లో అంతమంది పిల్లలున్నారు, దగ్గు కూడా లేదు. ఇన్ని వారాలు ఆ గదిలో ఏం జరిగినా ముందు నా చెవికే చేరేది. ఇప్పుడు వీధి పిల్లలందరికీ తెలిసింది నాకు తెలియడం లేదు. అతను చచ్చిపోతున్నాడేమో అనుకున్నాను. అంతలో మరీ అన్యాయంగా ఒక ఆలోచన వచ్చింది. ఇది అయిపోతుంది, నేను చూడను, రేపు సోమవారం కూడా ఇలాగే అయిపోతుంది.

లేచి తెర పక్కకు జరిపాను.

పిల్లల వీపులు, వాటి మీదుగా టీవీ. గాలికి బొమ్మ వంగుతూ నిలబడుతూ ఉంది. గాజు గది నేను అనుకున్నంత చిన్నది కాదు. నీలప్ప కవచం ఒక్కొక్క ముక్కా విప్పి నేల మీద పెడుతున్నాడు. భుజాలది, చేతులది, ఛాతీది. అంత జాగ్రత్తగా ఎందుకు పెడుతున్నాడో తెలియదు, మళ్లీ తొడుక్కునేవాడిలా వరుసగా పెట్టాడు. కవచం లేకపోతే మామూలు మనిషి. భుజాలు కొంచెం వంగినవి. తర్వాత అతను గోడ వైపు నడిచాడు. అక్కడ నేలలో గుండ్రంగా ఖాళీ ఉంది, బావి నోరులాగా. దానికి ఇనుప తలుపు లేదు. ఏ తలుపూ లేదు. నీళ్లు ఆ అంచు దగ్గర నిలబడి ఉన్నాయి. అతను ఊపిరి తీసుకుని అందులోకి అడుగు పెట్టాడు. పైకి ఈదుతూ ఈదుతూ చిన్న చుక్క అయ్యాడు. గదిలో కవచం మిగిలింది. దాని మీద పేర్లు వచ్చాయి. అయిపోయింది.

పిల్లలు కదలలేదు. ముందుగా తిరిగింది గంగాభవాని.

“టీచర్, మీరు బయటికి వచ్చేసినారు.”

అందరూ తిరిగారు. వాళ్లు నన్ను చూసిన చూపులో భయం లేదు. ఒక చిన్న పిల్ల, “చిక్కిపోయినారు,” అంది.

“తాళం ఏదీ?” అన్నాను. ఏదో ఒకటి అనాలి.

“తాళం లేదు గదా టీచర్,” అంది గంగాభవాని.

“ఎప్పుడు తీసినారు?”

“మొదట్నుంచే లేదు.”

“మరి నాకు చెప్పలేదేం?”

ఆ పిల్ల కోమల వైపు చూసింది. కోమల నేల వైపు చూసింది. “తాళం పెట్టినారని మీరే చెప్పినారు గదా టీచర్,” అంది గంగాభవాని. “మాకు కనపడలేదు, మీకు తెలుస్తాదిలే అనుకున్నాం.”

మామగారు లేచి టీవీ ఆపేశారు. పైనుంచి కేశవులు, “ఏమైందండీ? బతికాడాండీ?” అని అడుగుతున్నాడు.

“ఇంగ పోండమ్మా మీ ఇండ్లకు,” అన్నారు అత్తగారు పిల్లలతో. వాళ్లు వెళ్లాక నా వైపు చూడకుండా, “లోపలికి పో వసంతా,” అన్నారు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఎదురు చెప్పడం తెలిసేది. లోపలికి వెళ్లాను. తెర మళ్లీ వేశాను.

వేసిన తెరకు ఇవతల నిలబడే అన్నాను: “అత్తా, రేపు నేను స్కూలుకు పోతాను.”

పీట కిర్రుమనలేదు. ఆమె అక్కడే ఉన్నారు.

“ఏడాది కాకుండా గడప దాటతావా?” అన్నారు. “దాటితే వానికి ఆడ...” అని ఆపేశారు. పోయిన కొడుక్కి ఆ లోకంలో ఏం జరుగుతుందో ఆమె నోటితో అనలేకపోయారు.

నేను వెళ్లి చాప మీద కూర్చున్నాను. ఆ పగలు అన్నం కోమల తెచ్చింది. సాయంత్రం కూడా కోమలే తెచ్చింది. అత్తగారు గదిలోకి రాలేదు. కొట్టు వైపు మామగారూ ఆమే మాట్లాడుకోవడం వినిపించింది గాని మాటలు తెలియలేదు. ఏదో జరిపిన చప్పుడు, మూటలు దొర్లించిన చప్పుడు. సరుకు సర్దుతున్నారనుకున్నాను.

సోమవారం స్నానం చేసి, తెల్లగా ఉతికిన చీర కట్టుకుని కూర్చున్నాను. హాలు దాటాలి, వీధి గుమ్మం దాటాలి. ఆ రెండు గడపల మధ్య అత్తగారు ఉంటారు. ఆమె కాళ్ల మీదుగా దాటినట్టే. స్కూలు మొదటి గంట మా ఇంటికి వినపడుతుంది. అది కొట్టేలోగా లేవాలనుకున్నాను. లేవలేకపోయాను.

తెర తొలిగింది. అత్తగారు రాగి గంజి గిన్నె నా ముందు పెట్టారు.

“తాగు. ఎండలో పోయేదానివి,” అన్నారు.

ఆమె వైపు చూశాను. ఆమె కొట్టు తలుపు వైపు చూస్తున్నారు.

“మూటలు అడ్డంగా ఉండె. మీ మామచేత తీయించినాను. ఆ దారికి గడప లేదు.” కొంచెం ఆగి, “సందు వైపు తలుపుకూ లేదు. నేను పోయి చూసినాను,” అన్నారు.

గంజి తాగాను. వేడిగా ఉంది. నాలుక కాలింది.

“మొగాన కొంగు కప్పుకో. సాయంత్రం గంట కొట్టగానే వచ్చేయ్. ఈ దారినే రా,” అన్నారు.

“సరే అత్తా.”

కొట్టులోకి నడిచాను. రెండు పక్కలా మూటలు, మధ్య మనిషి పట్టేంత దారి. ఆ దారి నిన్న లేదు. మూటల మీద లారీ దుమ్ము ఇంకా ఉంది. ఒకదాని మీద చెయ్యి పెట్టి, తీసేశాను. సందు తలుపు దగ్గర మామగారు తాళంచెవుల గుత్తి పట్టుకుని నిలబడి ఉన్నారు. నన్ను చూసి పక్కకు తప్పుకున్నారు. బండి చక్రాలు అరగదీసిన చోట నేల నున్నగా ఉంది. కాలికి ఏమీ తగల్లేదు.

సందులో నిలబడి వెనక్కి చూశాను. రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. వాటిలోంచి గది కనిపిస్తోంది. అత్తగారు నా చాప మీద, నేను కూర్చునే చోట, గోడకు ఆనుకుని కూర్చున్నారు. గంపలోంచి చింతపండు తీసి చేటలో వేసుకుంటున్నారు.

అప్పుడు స్కూలు మొదటి గంట కొట్టారు.